తడబడిన అక్షరాలు

తెర మీద పడుతున్నవి అక్షరాలే, కాని ఏ భాషవీ కావు. నల్లటి పెట్టెలు, తలకిందులైన ప్రశ్న గుర్తులు, మధ్యలో ఎక్కడో ఒక బండి ర, దాని పక్కన ఎవరూ పలకలేని గుర్తేదో, మళ్లీ పెట్టెలు. హైమవతి కేబుల్ ఊడదీసి, కొనను కొంగుతో తుడిచి మళ్లీ గుచ్చింది. తెర ఒక్క క్షణం ఖాళీగా ఉండి, మళ్లీ అదే చెత్త మొదలుపెట్టింది.

ఆ కేబుల్ రెండో కొస ఒక మనిషి ఒంట్లోకి వెళ్తుంది. మెడ ఎముక కింద, చర్మంలో అమర్చిన చిన్న సాకెట్‌లోకి. ఆ మనిషి పేరు మైలపల్లి అప్పలకొండ. విశాఖ రేవులో పెద్ద ఓడల్ని లోపలికి లాక్కొచ్చే టగ్గుబోటుకి సరంగు. మెదడు అడుగున రక్తనాళం చిట్లిన నాటి నుంచి ఆయనకి స్వాధీనంలో ఉన్నవి కనురెప్పలు రెండూ, ఎడమ చేతి చిటికెన వేలు కాస్తా. వినపడుతుంది, తెలుస్తుంది, మనసులో మాట తయారవుతుంది. అది గొంతు దాకా రాదు.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న భార్య నూకాలు తెర వంక చూసి అడిగింది. "ఏటమ్మా, ఏటంటన్నాడు?"

"ఇంకా తెలియట్లేదమ్మా. అక్షరాలు కలగాపులగమై వస్తున్నాయి."

"అది సరే. మాటాడతన్నాడా, లేదా? అదొక్కటీ సెప్పు సాలు."

హైమవతి సరంగు కళ్లలోకి చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. "మాట్లాడుతున్నారు," అంది, అంత కచ్చితంగా చెప్పడానికి తన దగ్గర ఆధారం లేకపోయినా.

కొండవాలు మీది ఆ నాడీ పునరావాస కేంద్రంలో హైమవతి హార్డ్‌వేర్ ఇంజనీరు. సరంగు ఒంట్లో ఉన్న అగ్గిపెట్టెంత బోర్డుని తయారు చేసింది ఆమే. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది కాని, నూకాలు మొదటి రోజే "బిళ్ల" అనేసింది. అప్పట్నుంచి ల్యాబులో కూడా అది బిళ్లే అయిపోయింది.

గొంతు కండరాలకి మెదడు పంపే ఆజ్ఞల్ని దారిలో పట్టుకుని మాటలుగా మార్చడం దాని పని. ఆ పనికి ఇదివరకు వాడిన లోహపు తీగల్ని నరాలు ఎప్పుడూ పరాయివాటిలాగే చూసి, చుట్టూ మచ్చ కట్టి బయటికి నెట్టేసేవి. మామూలు గడియారం పెట్టి బోర్డుని నడిపితే చర్మం కింద వేడెక్కిపోయేది. హైమవతి ఆ రెండు చిక్కుల్నీ ఒకేసారి విప్పింది. సరంగు చర్మంలోంచి కాసిని కణాలు తీసి, వాటిని గుండె కణాలుగా మార్చి, పెసరగింజంత గాజు గిన్నెలో పెంచి బోర్డు మీద కూర్చోబెట్టింది. గుండె కణాలు ఎక్కడున్నా కొట్టుకుంటాయి. ఆ కొట్టుకోవడమే బోర్డుకి గడియారం. ఒక్కో దెబ్బని వేల ముక్కలుగా కోసి, ఆ ముక్కల లెక్కన బోర్డు తన పనులన్నీ చేసుకుపోతుంది. వేడి లేదు, బ్యాటరీ పని తక్కువ. సొంత కణాలు కావడంతో నరాలు వాటి దగ్గరికి చుట్టాల్లా వచ్చి చేరాయి. లోహానికి చెప్పని రహస్యాలు వాటికి చెప్పాయి.

రెండేళ్ల మూగతనం తరవాత సరంగు మంచం పక్కనున్న స్పీకర్లోంచి మాట్లాడాడు. మొదట్లో బిళ్ల బడిపుస్తకంలా పలికేది. "నాకు నీరు కావలెను" అని వినపడగానే కూతురు పైడితల్లి పకపకా నవ్వింది. సరంగుకి ఉక్రోషం వచ్చింది. రెప్పలు కొట్టి కొట్టి, ఒక్కో మాటకీ కాదు కాదు అని చెప్పి, వానాకాలమంతా దానికి తన యాస నేర్పాడు. దసరా వచ్చేసరికి "ఒసే, నీల్లియ్యి" అనిపించాడు. ఆ పూట నూకాలు గ్లాసు తేవడం మర్చిపోయి గుమ్మంలో నిలబడిపోయింది.

తరవాత కొన్ని నెలలు ఇంటి దగ్గర అంతా బాగానే సాగింది. ఈ మధ్యే మాట ముద్దకట్టడం మొదలైంది. ఒక వారం తప్పతాగినవాడి మాటలా వచ్చింది. మరుసటి వారం అసలు మాటే లేదు, రేకు మీద మేకుతో గీస్తున్నట్టు ఒకటే రొద. ఆపకుండా వచ్చేది. నూకాలు చెవులు మూసుకుని ఏడ్చేది. మనిషిని మళ్లీ కేంద్రానికి తీసుకొచ్చారు. హైమవతి స్పీకర్ ఆపేసి, బోర్డు లోపలి సంగతి చూద్దామని కన్సోల్ కేబుల్ తగిలించింది. బోర్డు ఏం చేస్తున్నదీ, ఏం వింటున్నదీ వరసలుగా రాసి పంపే దారి అది. మూడే తీగలు. పంపడానికొకటి, అందుకోవడానికొకటి, రెంటికీ ఉమ్మడి నేలగా, అంటే గ్రౌండుగా, ఒకటి. స్పీకర్ చెడినా ఆ దారి చెడకూడదు. అదీ చెడింది.

మధ్యాహ్నం డాక్టర్ ఫణిభూషణ్ తన గదికి పిలిచాడు. ఈ ప్రయోగానికి పెద్ద ఆయనే. మెత్తటి మనిషి. రోగి మంచం దగ్గర ఎప్పుడూ కూర్చునే మాట్లాడతాడు.

"హైమా, ఎన్నాళ్లిలా? ఆయన అలిసిపోతున్నాడు. బోర్డు మొత్తం తుడిచేసి మళ్లీ మొదటినుంచి ఎక్కిద్దాం."

"తుడిస్తే ఆయన నేర్పిందంతా పోతుంది సార్."

"మళ్లీ నేర్పుతాడు."

"అప్పుడున్న ఓపిక ఇప్పుడు ఉందంటారా?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "లేదు. అందుకే తొందరపడుతున్నాను. ఇంకా ఆలస్యమైతే అసలే నేర్పలేడు. ఈ వారం చూడు. ఆ తరవాత తుడిచేద్దాం."

హైమవతి క్యాంటీన్‌లో పైడితల్లి ఎదురుగా కూర్చుని ఈ మాటే చెప్పింది. పైడితల్లి రేవులో కంటైనర్ యార్డులో క్రేన్ నడుపుతుంది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది, హెల్మెట్ గుర్తు ఇంకా నుదుటి మీద ఉంది. ఇడ్లీ తుంచింది కాని నోట్లో పెట్టుకోలేదు.

"తుడిసేస్తే ఆ మాట మళ్లీ రాదా మేడమ్? ఆయన లాగే తిడతాది కదా, ఆ మాట."

"మాట వస్తుంది. ఆయనలా తిట్టడానికి మాత్రం చాలాకాలం పడుతుంది."

"అయ్య తిట్టాలి మేడమ్," అంది పైడితల్లి, కళ్లు దించుకుని. "రెండేళ్లు ఆ మంచం మీద ఊరికే సూత్తా ఉంటే, లోపల మా అయ్యే ఉన్నాడో లేదో అని నాను అనుమానపడ్డాను. అమ్మ పడలేదు. నాను పడ్డాను. మొదటి తిట్టు ఇన్నాకే నమ్మినాను."

హైమవతి తిరిగొచ్చి పనిలో పడింది. కన్సోల్‌లో చెత్త వస్తోందంటే కారణాలు లెక్కకు మిక్కిలేం ఉండవు. అందరూ చూసేవే ఆమె మళ్లీ ఒకటొకటిగా చూసింది. కేబుల్ మార్చింది. నేల తీగ సరిగా ఆనిందో లేదో కొలిచింది. బోర్డు పంపే విద్యుత్తు మోతాదూ, కంప్యూటర్ అడిగే మోతాదూ ఒకటేనా అని చూసింది. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఇక మిగిలింది వేగం. పంపేవాడూ, అందుకునేవాడూ ముందే ఒక వేగానికి ఒప్పుకుని ఉండాలి. ఒకరు దంచుడు పాట వేగంలో పాడుతుంటే ఇంకొకరు జోలపాట వేగంలో రాసుకుంటే మిగిలేది ఈ పెట్టెలూ ప్రశ్న గుర్తులే. వాడుకలో ఉన్న వేగాలన్నీ ఒకదాని తరవాత ఒకటి పెట్టి చూసింది. ఒక వేగం దగ్గర అర వరస తేటగా వచ్చింది. "నరం సంకేతం అంద" అని ఉండి, ఆ పైన మళ్లీ చెదిరిపోయింది.

ఆమె ఆ అర వరసనే చాలాసేపు చూస్తూ కూర్చుంది. బోర్డు పాడైతే ఒక్క ముక్క కూడా సరిగా రాకూడదు. వేగం తప్పయితే అన్నీ తప్పే రావాలి. సగం సరిగా వచ్చి సగం చెడిందంటే వేగం మధ్యలో మారుతోందన్న మాట.

విద్యుత్తుని గీతగా చూపే ఆసిలోస్కోపు తెచ్చి తీగ మీద ఆనించింది. పచ్చటి గీత మీద మెట్లు మెట్లుగా అక్షరాలు పోతున్నాయి. ఒక మెట్టు వెడల్పు కొలిచింది. తరవాతి దాన్ని కొలిచింది. వెడల్పు పెరిగింది. మళ్లీ తగ్గింది. రెండు ఇరుకైనవి, ఒకటి బాగా సాగినది, ఆ తరవాత గబగబా మూడు. గాజు గిన్నెలో కణాలు నిలకడగా కొట్టుకోవాలి. ల్యాబులో అవి ఏడాది పొడుగునా చీమ అడుగంత తేడా కూడా లేకుండా కొట్టుకున్నాయి. ఇక్కడ తడబడుతున్నాయి.

నాడి చూడడానికి సరంగు చూపుడు వేలికి తగిలించిన క్లిప్పు పక్క బల్ల మీది చిన్న యంత్రంలో బీప్ బీప్‌మంటోంది. ఆ గదిలో ఎప్పుడూ వినపడే చప్పుడే కావడంతో ఎవరూ దాన్ని వినరు. హైమవతి తెర చూస్తూ, ఆ చప్పుడుతోపాటు తన వేలు బల్ల మీద కొడుతోందని గ్రహించింది. రెండు బీప్‌లు దగ్గర దగ్గరగా. ఒకటి ఆలస్యంగా. తరవాత గబగబా మూడు. స్కోపు మీది మెట్లు కూడా అలాగే నడుస్తున్నాయి.

ఆమె లేచి నిలబడింది. నరాలు చుట్టాల్లా వచ్చి చేరాయని ఇన్నాళ్లూ సంబరపడ్డారు. ఆ వచ్చినవాటిలో గుండెని అదుపులో పెట్టే నరం తాలూకు పాయ కూడా ఒకటుంది. పెసరగింజంత కణాల గుత్తి ఇప్పుడు తన సొంత తాళం వదిలేసి, సరంగు ఛాతీలోని పెద్ద గుండె ఎలా కొట్టుకుంటే అలా కొట్టుకుంటోంది. పెద్ద గుండె తడబడుతోంది. అందువల్ల బోర్డు గడియారం తడబడుతోంది. అందువల్ల మాట చెదిరిపోతోంది.

ఆ సాయంత్రమే కొత్త ప్రోగ్రాం రాయడానికి కూర్చుంది. ఫలానా వేగమని పట్టుపట్టకుండా, ప్రతి అక్షరం మొదటి మెట్టు ఎంత వెడల్పుందో చూసి, ఆ కొలతతోనే ఆ అక్షరాన్ని చదవాలి. తరవాతి అక్షరానికి మళ్లీ కొలవాలి. పాట పాడేవాడు ఎలా పాడితే అలా మద్దెల అనుసరించడం లాంటిది. మర్నాడు పొద్దున్న దాన్ని సరంగు మంచం పక్కనే నడిపింది. నూకాలు, పైడితల్లి ఆమె భుజాల మీంచి చూస్తున్నారు.

తెర మీద వరసలు పడ్డాయి.

ఇనబడతందా
ఇనబడతందా
నూకాలూ ఇనబడతందా
గుండికాయ తిన్నగా కొట్టుకోట్లేదు
డాక్టరికి సెప్పండి
ఇనబడతందా

పైడితల్లి పైకి చదువుతూ చదువుతూ నాలుగో వరస దగ్గర ఆగిపోయింది. నూకాలుకి చదవడం రాదు. "ఏటే, ఏటన్నాడు? ఆగిపోయావేటి?" అని కూతురి జబ్బ పట్టుకుని ఊపింది.

హైమవతి సరంగు చెవి దగ్గరికి వంగింది. "వినపడుతోంది సరంగు గారూ. ఇప్పుడు వినపడుతోంది."

ఆయన రెప్పలు మూశాడు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు చెవుల వైపు జారాయి. తెర మీద మరో వరస పడింది.

అమ్మయ్య

గుండె డాక్టరు ఆ మధ్యాహ్నమే వచ్చి ఈసీజీ గీతలు తీసింది, అల్ట్రాసౌండ్ చేసింది. వేలి క్లిప్పు తడబాటు చూపిస్తూనే ఉంది కాని, మంచం మీద ఉన్నవాళ్లకి క్లిప్పు సరిగా ఆనదని అందరూ సరిపెట్టుకున్నారట. ఇది ఎప్పుడైనా గుండె ఆగిపోయేలా చేసే జబ్బనీ, మందు మొదలుపెడితే చాలావరకు అదుపులో ఉంటుందనీ ఆమె చెప్పింది. మందు పేరు వినగానే హైమవతి, ఫణిభూషణ్ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అది గుండె కణాల్ని నెమ్మదింపజేసే మందు. పెద్ద గుండెకి అది నిలకడ ఇస్తుంది. పెసరగింజంత గుత్తికి ఆ మోతాదు విషంతో సమానం.

"వేరే గడియారం పెట్టలేమా?" అన్నాడు ఫణిభూషణ్, తనకే జవాబు తెలిసినా.

"గడియారం పెట్టొచ్చు సార్. కాని చెవి కూడా ఆ గుత్తే కదా. అది నిద్రపోతే నరాల మాట వినేవాళ్లుండరు."

ఈ సంగతి ఇంటివాళ్లకి చెప్పే బాధ్యత ఫణిభూషణ్ తీసుకున్నాడు. వరండాలో కుర్చీ లాక్కుని నూకాలు ఎదురుగా కూర్చుని, దాచకుండా చెప్పాడు. మందు వాడితే మాట పోతుంది. వాడకపోతే మనిషి ఏ రోజైనా పోవచ్చు.

"అయితే మందెయ్యండి," అంది నూకాలు వెంటనే. "ఇందులో ఆలోసించేదేటుంది?"

"ఉన్నాది," అంది పైడితల్లి. "అమ్మా, ఆయన మళ్లీ ఆ మంచం మీద బొమ్మలాగ పడుండాలా? లోపల్నుంచి ఇనబడతందా ఇనబడతందా అని అరుసుకుంటా? నువ్వు సూసినావు కదా ఆ రాసింది."

"నాను సూడలేదు. నాకు సదవడం రాదు. నాకు ఆడి ఊపిరి కావాల."

"మరి ఆయనకేటి కావాలో?"

వాళ్లిద్దరూ అలా అరుచుకోవడం హైమవతి ఇంతకు ముందు చూడలేదు. కాసేపటికి అలిసిపోయి ఇద్దరూ ఆమె వంక తిరిగారు. ఆమె చెప్పగలిగింది ఒకటే. "ఆయన్నే అడుగుదాం. అడగడానికి ఇప్పుడు దారుంది."

అడిగారు. ఫణిభూషణ్ మొత్తం మళ్లీ చెప్పాడు. మంచం చుట్టూ నలుగురూ తెర వంక చూస్తూ నిలబడ్డారు. సరంగు కళ్లు నూకాలు మీద ఉన్నాయి, తరవాత కూతురి మీదికి వచ్చాయి. ఆ పైన వరసలు పడ్డాయి. పైడితల్లి తల్లి కోసం పైకి చదివింది.

"నోరు లేకుండా ఓపాలి బతికినాను. అదెలగుంటదో నాకు తెలుసు. సావెలగుంటదో తెలీదు. తెలిసిన కాలవలోకే బోటు తిప్పండి."

నూకాలు మంచం అంచు మీద కూలబడి, ఆయన చిటికెన వేలు పట్టుకుంది. పైడితల్లి గోడవైపు తిరిగింది.

మరో వరస పడింది.

మందు రేపెయ్యండి. ఇయ్యాల మాటాడుకోవాల

గుండె డాక్టరు ఆలోచించి, మానిటర్ తగిలించి ఉంచే షరతు మీద ఒప్పుకుంది. ఆ రోజు ఆ గదిలో మాట్లాడుకున్న మాటలు బయటివాళ్లు వింటే వీటికోసమా ఒక మనిషి ఒక రోజు బతిమాలుకున్నాడు అనుకునేవారు. స్పీకర్ ఆపేసిన రోజుల్లో జరిగిన ఊసులన్నీ నూకాలు పూసగుచ్చినట్టు చెప్పింది. తన తమ్ముడు బోటుకి ఆకుపచ్చ రంగు వేయించాడని చెప్పగానే తెర మీద "పచ్చరంగేటి? ఆడికి కళ్లు పోనాయా" అని పడింది. తమ్ముణ్ణి అనేసరికి నూకాలుకి కోపం వచ్చింది. ఇద్దరూ ఆ రంగు మీద చాలాసేపు వాదులాడుకున్నారు. ఒకరు నోటితో, ఒకరు తెర మీద. మధ్యలో చదివిపెట్టే పైడితల్లి ఎటు పక్కన ఉండాలో తెలియక నవ్వింది.

తరవాత ఆయన కూతుర్ని అడిగాడు. "గాలి రేగితే క్రేన్ ఏటి సేస్తావు?"

"ఆపేసి కూకుంటాను. సూపర్‌వైజర్ అరిసినా సరే."

"మంచిది. అరవనీ"

హైమవతి ఆ గదిలో తనకి పని లేదని తెలిసి కూడా పక్కనే ఉండిపోయింది. ప్రోగ్రాం ఆగిపోతుందేమోనని ఒక భయం. రెండోది, ఒక మాట అనాలని ఉంది. నూకాలు టీకి వెళ్లినప్పుడు అంది.

"సరంగు గారూ, మీ స్పీకర్ ఆపింది నేనే. అప్పుడు మీరు జబ్బు సంగతే చెబుతూ ఉండి ఉంటారు. నేను వినకుండా ఆపేశాను."

తెర మీద జవాబు పడింది.

"నానైనా ఆపేసీవోణ్ణే తల్లీ. ఆ గోల నాకే ఇనబుద్ది కాలేదు. నువ్వు ఆపి ఊరుకోలేదు కదా. ఎతికినావు"

పొద్దువాలే వేళకి వరసలు పొట్టివయ్యాయి. నూకాలు మళ్లీ ఆ రంగు గొడవే ఎత్తింది. తమ్ముడు చేసింది మంచి పనేనని ఆమె వాదిస్తుండగానే సరంగు నిద్రపోయాడు. ఆమె కొంచెం సేపు అలాగే వాదించి, తరవాత ఊరుకుంది.

మర్నాడు మందు మొదలైంది. బీప్‌ల చప్పుడు నెమ్మదించి, క్రమంగా ఒక దారిన పడింది. గుండె డాక్టరు మొహం తేటపడింది. కన్సోల్ మీద అక్షరాలు మాత్రం పలచబడుతూ వచ్చాయి. ఒకటి, చాలాసేపటికి మరొకటి, ఆ తరవాత ఏదీ లేదు. ఫణిభూషణ్ రెండు రోజులు చూసి, గుత్తి చచ్చిపోయి ఉంటుందన్నాడు. హైమవతికీ అలాగే అనిపించింది. అయినా చిన్న రిసీవర్ ఒకటి కట్టి, దాని ప్రోగ్రాంలో ఒక్క మార్పు చేసింది. మామూలుగా అందుకునే యంత్రం కాసేపు ఎదురుచూసి, ఇంకేం రాదని మూసుకుంటుంది. ఆ గడువు తీసేసింది. ఒక మెట్టు ఎంత వెడల్పున్నా, గంట పట్టినా, అది ఎదురుచూస్తూనే ఉంటుంది.

దాన్ని సరంగు ఇంట్లో మంచం పక్కన తగిలిస్తూ నూకాలుకి చెప్పింది. "ఆశ పెట్టుకోకండమ్మా. ఏమీ రాకపోవచ్చు."

"ఒగ్గేయమ్మా, ఉంటే ఉంటాది. తింటాదా, తాగుతాదా," అంది నూకాలు. ఆమె రిసీవర్ మీద గుడ్డ కూడా కప్పింది, దుమ్ము పడకుండా.

నెల గడిచింది, ఇంకా కొన్ని రోజులు గడిచాయి. హైమవతి ల్యాబులో మందుకి లొంగని కణాల కోసం కొత్త పని మొదలుపెట్టింది. అది ఇప్పట్లో తేలే పని కాదు. ఒక ఆదివారం పొద్దున్నే పైడితల్లి ఫోన్ చేసింది.

"మేడమ్, తెర మీద క పడింది."

"ఒక్క క నా?"

"ఒక్కటే. సెత్తేమో అని సూసినాను. సెత్త కాదు, తిన్నని క."

హైమవతి చెప్పుల కోసం వెతుకుతూనే ఆలోచించింది. తెలుగు అక్షరం ఒక్కటి రావాలంటే తీగ మీద మూడు ముక్కలు రావాలి. మూడూ ఒకదానికొకటి సరిగ్గా కుదిరితేనే అది క అవుతుంది. గాలివాటున పడే చెత్తకి అంత పొందిక ఉండదు. గుత్తి చావలేదు. మందు మత్తులో, ఎప్పుడో ఒక దెబ్బ చొప్పున, ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఆ కొట్టుకునే కాస్త దాంతోనే ఆయన మాట్లాడుతున్నాడు.

పాత రేవు దగ్గర వాళ్ల ఇంటికి వెళ్లేసరికి క మీద గుడి చేరి కి అయింది. గదిలో ముగ్గురూ ఉన్నారు. రేవు వైపు నుంచి దుమ్ము వస్తుందనీ, ఆయన ఊపిరికి మంచిది కాదనీ నూకాలు గది అంతా మూసి ఉంచింది. ఫ్యాను తిరుగుతున్నా ఉక్కగా ఉంది. సరంగు కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ మొహం మీద పని మీదున్న మనిషి శ్రద్ధ కనపడింది.

"కి అంటే ఏటయుంటాది?" అంది పైడితల్లి. "కింద ఏదైనా పడిందేటి? కిరాణా? కిళ్లీ? ఒమ్మ, కిళ్లీ అడుగుతన్నాడేటే అమ్మా."

"నోరు ముయ్యి, ఆణ్ణి సెప్పనీ," అంది నూకాలు.

ఎదురుచూశారు. పైడితల్లి టీ పెట్టి తెచ్చింది. హైమవతి గ్లాసు పట్టుకుని తెర ముందు నేల మీద కూర్చుంది. రిసీవర్ మీది చిన్న దీపం అప్పుడప్పుడు ఒకసారి వెలిగి ఆరిపోతోంది. వెలిగినప్పుడల్లా ఒక మెట్టు. టీ చల్లారింది. నూకాలు ఆయన మొహం తడిగుడ్డతో తుడిచి, చెమట పట్టిన మెడ తుడిచి, మళ్లీ వచ్చి కూర్చుంది. పక్కింట్లో అన్నాల వేళ అయినట్టు గిన్నెల చప్పుడు వినపడింది.

రెండో అక్షరం పడింది. పైడితల్లి చదివింది. "ట. కిట."

నూకాలు ఒక్క క్షణం ఆయన మొహం వంక చూసింది. లేచి, గోడ దగ్గరికి వెళ్లి, గడియ లాగి, రెండు చేతులతో కిటికీ తలుపులు బార్లా తోసింది. ఉప్పుగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. దాంతోపాటు రేవులో కదులుతున్న టగ్గు కూతా వచ్చింది. సరంగు రెప్పలు సగం వాలాయి.

పైడితల్లి తెర వంక చూస్తూ మిగతా అక్షరాల కోసం కూర్చుంది. హైమవతి కూడా కూర్చుంది. దీపం చాలాసేపు వెలగలేదు. చివరికి ఒకసారి వెలిగింది, మరికాసేపటికి ఇంకోసారి. ఈసారి వచ్చినది అక్షరం కాదు. వరస ముగిసినప్పుడు పంపే గుర్తు.

"ఏటైంది మేడమ్? ఆగిపోనాదా?" అంది పైడితల్లి కంగారుగా.

"లేదు," అంది హైమవతి. "చెప్పడం అయిపోయింది."

తెర మీద 'కిట' అలాగే ఉంది. మెరిసే గీత దాన్ని వదిలి, కింది వరస మొదటికి దిగి, అక్కడ ఎదురుచూస్తోంది.